వరిచేలో ఎలుకల నివారణ: బుట్టలు, ఎర, పొగ ఏ వరుసలో, ఎలా వాడాలి

దాళ్వా (రబీ వరి) పొట్టకొచ్చే, అంటే కాండం లోపల వెన్ను కట్టే రోజుల్లో ప్రతి ఏడూ ఒకటే ప్రశ్న ఎక్కువగా వస్తుంది: "ఎలుకలు చేను కొరికేస్తున్నాయి, ఏ మందు పెట్టమంటారు?" అప్పుడు మందు పేరు ఒక్కటీ చెబితే పెద్దగా పని జరగదు. పొట్ట దశలో చేనంతా ఎలుకకు విందే. ఆ తీపి పిలకను వదిలి మనం పెట్టిన నూకల పొట్లం దగ్గరికి అది సులభంగా రాదు.

ఎలుకల నివారణలో మందు కంటే సమయం ముఖ్యం. అంతకంటే ముఖ్యం, పక్క చేలవాళ్లూ మీతో కలిసి అదే వారంలో చేయడం. ఈ రెండూ కుదిరితే మామూలు తాటాకు బుట్టలు (ఎలుకను పట్టే ఉచ్చులు), నూకల ఎర, గడ్డి పొగ సరిపోతాయి. కుదరకపోతే ఎంత ఖరీదైన మందు తెచ్చినా రెండు మూడు వారాల్లో చేను మళ్లీ మొదటికే వస్తుంది.

ఇక్కడ రాసింది ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టా మాగాణికి. తెలంగాణలో కాలువల కింద, చెరువుల కింద వరి వేసేవాళ్లు నెలలు కొంచెం అటూ ఇటూ చేసుకుని ఇదే వరుస పాటించవచ్చు.

## 1. మీ చేలో ఉన్నది ఏ ఎలుక?

అన్ని ఎలుకలూ ఒకేలా ప్రవర్తించవు. మాగాణిలో ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు జాతి. మొండి ముక్కు, మొరటు బొచ్చు, ముదురు బూడిద రంగు. గట్టులో లోతుగా తవ్వుతుంది. కన్నం పక్కన మట్టి కుప్పగా పోస్తుంది. ఒక్కో బొరియకు నాలుగైదు దారులు ఉండొచ్చు. వెన్ను గింజ పట్టాక వెన్నులను కోసి లోపలికి లాక్కెళ్లి దాస్తుంది. కోత తర్వాత గట్టు తవ్వితే గుప్పెళ్ల కొద్దీ వడ్లు బయటపడేది ఈ ఎలుక బొరియల్లోనే.

రెండోది మెత్తని బొచ్చున్న పొలం ఎలుక. దీని బొరియ చిన్నది, మట్టి కుప్ప పెద్దగా కనిపించదు. మూడోది చిట్టెలుక. గట్టు మీద వేలు పట్టేంత కన్నం, పక్కన సన్నటి మట్టి గుళికలు కనిపిస్తే అది చిట్టెలుకే. వెదజల్లిన విత్తనానికీ నారుమడికీ దీని బెడద ఎక్కువ.

చేలో నష్టాన్ని గుర్తుపట్టడం తేలిక. ఎలుక పిలకను నేలకు కాస్త పైన ఏటవాలుగా, కత్తితో కోసినట్టు కొరుకుతుంది. కాండం తొలిచే పురుగు వల్ల అయితే మొవ్వు లాగితే ఊడి వస్తుంది, కోసిన గుర్తు ఉండదు. ఈ రెండింటినీ పొరబడి ఎలుక కొరికిన చేలో పురుగుమందు కొట్టేవాళ్లు ఉన్నారు. గట్టు నుంచి చూస్తే చుట్టూ చేను బాగుండి మధ్యలో మాత్రం గుంటలు పడ్డట్టు ఉంటుంది. చేను లోపలికి దిగి చూడకపోతే నష్టం సగానికి సగం కంటికి ఆనదు.

## 2. ఏ నెలలో ఏ పని

ఆడ ఎలుక సుమారు మూడు వారాలు మోసి ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి ఎనిమిది పిల్లలు మామూలే. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలు మళ్లీ పిల్లలు పెట్టే వయసుకు వస్తాయి. చేను పొట్టకు వచ్చి గింజ పట్టే రోజుల్లో ఈతలు జోరందుకుంటాయి. అంటే జూన్‌లో గట్టు మీద ఒక జంటను పట్టుకోవడం, అక్టోబరులో ఒక మందను తరమడం కంటే ఎన్నో రెట్లు తేలిక.

సార్వాకు (ఖరీఫ్ వరికి):

- మే ఆఖరు, జూన్: చేలు ఖాళీగా ఉంటాయి. ఎలుకలన్నీ కాలువ గట్లు, పుంతలు (చేల మధ్య బండి దారులు), గడ్డివాముల దగ్గరే ఉంటాయి. ఊరంతా కలిసి చేయాల్సిన మొదటి విడత ఇదే.
- నారుమడి: చుట్టూ బుట్టలు, బోనులు.
- ఊడ్పు (నాట్లు) అయిన నాలుగు వారాల నుంచి పొట్ట మొదలయ్యేలోగా: బుట్టలు, ఆ తర్వాత ఎర మందు.
- పొట్ట దశ నుంచి కోత దాకా: బుట్టలు, పొగ మాత్రమే.

దాళ్వాకు వరుస ఇదే. డిసెంబరు, జనవరి ఊడ్పులయితే జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరులోపు ఎర పని ముగించాలి.

పిలక దశలో కొరికిన దుబ్బు కొంతవరకు మళ్లీ పిలకలు వేసి తేరుకుంటుంది. పొట్ట మీద కొరికిందంటే ఆ పిలక పోయినట్టే. అందుకే ఈ తేదీలను పట్టుకుని కూర్చోమనేది.

## 3. పక్క చేలవాళ్లను కలుపుకోవడం

ఎకరం చేనున్న రైతు ఒక్కడే ఎలుకలు పడితే ఆ ఖాళీని చుట్టుపక్కల చేల ఎలుకలు నింపేస్తాయి. కనీసం ఒక బోదె (చిన్న పిల్లకాలువ) కింద ఉన్న చేలన్నీ ఒకే వారంలో చేయాలి. ఇంకా మంచిది, రెండు కాలువల మధ్య శివారు మొత్తం చేయడం.

- ఎవరి కింద ఎంత ఉందో, కౌలు ఎవరిదో ఒక కాగితం మీద రాసుకోండి. కౌలు రైతులను పిలవడం చాలాచోట్ల మరిచిపోతారు. చేలో ఉండేది వాళ్లే.
- కాలువ గట్టు, మురుగు కాలువ గట్టు, పుంత, శ్మశానం, బీడు: ఇవి ఎవరి సొంతమూ కావు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎలుకల స్థావరాలు సరిగ్గా అక్కడే. పనిలోకి దిగేముందే వీటిని ఎవరు చూడాలో పేర్లు పెట్టి పంచుకోండి.
- రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకుడికి ముందే చెప్పండి. సామూహిక నివారణకు మందు వచ్చినప్పుడు ముందుగా అడిగిన ఊరికి అందే అవకాశం ఎక్కువ. తెలంగాణలో అయితే ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరికి వెళ్లండి.
- పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల నివారణ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న శాస్త్రవేత్తల విభాగం ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఈ విషయంలో శిక్షణ ఇస్తుంది. ఊరి యువకులు ఇద్దరు ముగ్గురు శిక్షణ పొంది వస్తే ఏటా పనికొస్తుంది.

## 4. సిద్ధం చేసుకోవాల్సిన సామాను

- మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు
- పార, పలుగు, కొడవలి
- కన్నాల దగ్గర గుచ్చడానికి చిన్న కర్రలు, వాటికి కట్టడానికి రంగు గుడ్డ పేలికలు
- ఎకరానికి 20 నుంచి 25 బుట్టలు
- నాలుగైదు తీగ బోనులు (ఇల్లు, కళ్లం, గడ్డివాము దగ్గరికి)
- ఎరకు నూకలు, వంట నూనె, పాత న్యూస్‌పేపరు
- పొగ పెట్టే యంత్రం, ఎండు గడ్డి, అగ్గిపెట్టె
- ఎలుకలను పూడ్చే గొయ్యికి సున్నం
- టార్చిలైటు, నోటుపుస్తకం

## 5. మొదటి పని: గట్లు

బుట్ట పెట్టేముందు గట్టు చూడాలి. వెడల్పుగా, ఎత్తుగా, గడ్డి పట్టిన గట్టంటే ఎలుకకు ఇల్లు కట్టిపెట్టినట్టే. సన్నటి గట్టులో బొరియ నిలవదు, నీరు లోపలికి దిగిపోతుంది.

మధ్య గట్లను మనిషి నడవడానికి సరిపడా ఉంచి, మిగతాది చెక్కేయండి. సరిహద్దు గట్టును చెక్కాల్సి వస్తే పక్కరైతుతో మాట్లాడాకే చేయండి, లేకపోతే ఎలుకల పని కాస్తా గట్టు తగాదాగా మారుతుంది. గట్టు మీది గడ్డి, తుంగ కోసి బయట పడేయండి. పాత కన్నాలను తవ్వి, మట్టి కొట్టి, నీళ్లు పోసి తొక్కాలి. పైపైన మట్టి కప్పితే అదే రాత్రి మళ్లీ తెరుచుకుంటాయి.

గడ్డివాము చేలో ఉంటే ఎత్తు మీద వేయండి, లేదా చేనుకు దూరంగా జరపండి. కోతల తర్వాత ఎలుకలకు అదే వేసవి ఇల్లు.

## 6. ఎలుక ఉన్న కన్నాలు గుర్తించడం

చాలామంది దాటేసే మెట్టు ఇది. గట్టు మీద కనిపించిన ప్రతి కన్నంలోనూ ఎలుక ఉండదు. పీత కన్నాలు ఉంటాయి, వదిలేసిన బొరియలు ఉంటాయి, కొన్నింట్లో పాము ఉంటుంది. అన్నింట్లో మందు పెట్టడం డబ్బు దండగ, ప్రమాదం కూడా.

చేయాల్సింది ఇలా:

1. సాయంత్రం చేను చుట్టూ తిరుగుతూ కనిపించిన ప్రతి కన్నాన్నీ తడి మట్టితో మూయండి. గట్టిగా కూరక్కర్లేదు, తెరిస్తే తెలిసేలా ఉంటే చాలు.
2. ప్రతిచోటా ఒక కర్ర గుచ్చండి. లేకపోతే పొద్దున్నే సగం కన్నాలు దొరకవు.
3. మర్నాడు పొద్దున ఎండ ఎక్కకముందే తిరిగి చూడండి. తెరుచుకున్న వాటిలోనే ఎలుక ఉంది. ఆ కర్రలకు మాత్రం రంగు పేలిక కట్టండి.
4. చిన్న పందికొక్కు పగలు లోపలి నుంచి కన్నానికి వదులుగా మట్టి అడ్డం పెట్టుకుంటుంది. బయటికి కొత్తగా తోసిన తడి మట్టి కనిపిస్తే అది తెరిచినట్టే లెక్క.
5. లెక్క నోటుపుస్తకంలో రాయండి. ఈ పని అంతా అయ్యాక ఇదే పద్ధతిలో మళ్లీ లెక్కపెడితేనే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

కన్నం లోపల చెయ్యి పెట్టి చూడకండి. డెల్టా గట్లలో నాగుపాము, కట్లపాము ఎలుక బొరియల్లోనే ఉంటాయి.

ఇదే తిరుగుడులో ఎలుక బాటలు కూడా చూసుకోండి. ఎలుక రోజూ ఒకే దారిన వెళ్తుంది. గట్టు వాలున గడ్డి అణిగి, సన్నటి నున్నని బాట కనిపిస్తుంది. పెంటికలు, బురదలో అడుగు గుర్తులు, కొరికిన పీత డిప్పలు దొరుకుతాయి. బుట్ట పెట్టాల్సింది అక్కడే.

## 7. బుట్టలు, బోనులు

డెల్టాలో తాటాకు, వెదురు బద్దలతో చేసే ఎలుక బుట్ట అన్నింటికంటే నమ్మకమైనది. వంచి కట్టిన బద్ద, ఎర దగ్గర దారం. ఎలుక ఎరను లాగగానే బద్ద విడిపోయి బిగుసుకుంటుంది. మందు అక్కర్లేదు, చేపకూ పశువుకూ హాని లేదు, పొట్ట దశలోనూ పనిచేస్తుంది.

### బుట్టలు పెట్టేవాళ్లను పిలిచినప్పుడు

ఈ పనిలో తరాల నైపుణ్యం ఉన్నవాళ్లు, ముఖ్యంగా యానాది గిరిజనులు, చేను చూసి ఎలుక ఎక్కడ తిరుగుతుందో చెప్పగలరు. వాళ్ల మాట వినండి. బుట్ట ఎక్కడ పెట్టాలో మనం దగ్గరుండి చెప్పడం వల్ల పని చెడుతుంది.

కూలి ముందే మాట్లాడుకోండి. కొన్నిచోట్ల ఎలుకకు ఇంత అని తోకల లెక్కన ఇస్తారు, కొన్నిచోట్ల ఎకరానికి ఇంత అంటారు. ఎలుకలు బాగా ఉన్న మొదటి విడతకు తోకల లెక్క బాగానే ఉంటుంది. ఎలుకలు తగ్గాక అది వాళ్లకు గిట్టదు, మిగిలిన వాటిని పట్టడానికి ఎవరూ రారు. నన్నడిగితే ఎకరం లెక్కన మాట్లాడుకుని, పది రోజుల తర్వాత మరో విడత కూడా అందులోనే కలపడం ఇద్దరికీ న్యాయం.

చేలో ఇంతకుముందే ఎర మందు పెట్టి ఉంటే పని మొదలవ్వకముందే వాళ్లకు చెప్పి తీరాలి. పట్టిన ఎలుకను తినేవాళ్లు ఉంటారు. మందు తిన్న ఎలుక ఇంకా బతికి తిరుగుతూ బుట్టలో పడొచ్చు. ఈ మాట దాచడం మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. బుట్టలు ముందు, ఎర తర్వాత అని ఈ వరుస పెట్టడానికి పెద్ద కారణం ఇదే.

### మీరే పెట్టుకునేటప్పుడు

1. పొద్దు వాలాక, చీకటి పడకముందు పెట్టండి.
2. బుట్ట నోరు ఎలుక బాట వైపు ఉండాలి. గట్టు మీద నడిబొడ్డున కాకుండా గట్టు వాలున, చేను అంచున పెట్టండి.
3. చేలో నీరు ఉంటే బురద ముద్ద చేసి, నీటికి పైన నిలిచేలా దాని మీద పెట్టండి.
4. కొరికిన దుబ్బులు ఉన్నచోట రెండు ఎక్కువ పెట్టండి. ఎలుక ముందు రాత్రి తిన్నచోటికే మళ్లీ వస్తుంది.
5. ఎరకు వడ్లు, ఎండు కొబ్బరి ముక్క, ఎండు చేప, చితక్కొట్టిన పీత వాడొచ్చు. వెన్ను పాలు పోసుకునే దశలో వడ్ల కంటే పీత, ఎండు చేప బాగా లాగుతాయి, ఎందుకంటే గింజ చేలోనే ఉంది.
6. ప్రతి బుట్ట దగ్గరా జెండా కర్ర గుచ్చి, మొత్తం ఎన్ని పెట్టారో రాసుకోండి.
7. తెల్లవారగానే తీసేయండి. పశువుల కాపర్లు, పిల్లలు, కుక్కలు వచ్చే వేళకు చేలో ఒక్క బుట్ట కూడా బిగించి ఉండకూడదు.

వరుసగా రెండు రాత్రులు ఏమీ పడని బుట్టను పది, పదిహేను అడుగులు జరపండి. మూడు నాలుగు రాత్రుల తర్వాత వారం విరామం ఇచ్చి మళ్లీ పెట్టండి.

### తీగ బోనులు

ఇంటి దగ్గర, గాదె, కళ్లం, పశువుల పాక దగ్గర ఇవి మేలు. ఇంటి ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. మొదటి రెండు రాత్రులు తలుపు తెరిచి కట్టేసి, లోపల ఎర పెట్టి వదిలేయండి. తినడం అలవాటయ్యాక మూడో రాత్రి బిగించండి. గోడ వారగా పెట్టాలి.

బోనును రోజుకు రెండుసార్లు, తెల్లవారుజామునా సాయంత్రమూ చూడాలి. ముంగిస, పిల్లి, పక్షి పడితే వెంటనే వదిలేయండి. ఎలుకను బోనులోనే ఎండకు మాడ్చడం, నిప్పు పెట్టడం, నీళ్లలో ముంచి ఉంచడం చేయకండి. గోనెసంచిలోకి వదిలి తల మీద ఒకే గట్టి దెబ్బతో చంపడం దానికి తక్కువ బాధ. ఊరి బయట వదిలేస్తే మాత్రం ఇంకొకరి చేలో వదిలినట్టే.

బోనును ఫినాయిలుతో కడగకండి. మంచినీళ్లు చాలు. పాత ఎలుక వాసన ఉన్న బోనులోకే కొత్త ఎలుక తేలిగ్గా వస్తుంది.

## 8. ఎర మందు: బ్రోమోడయోలోన్

బుట్టల విడత అయ్యాక మళ్లీ కన్నాలు మూసి లెక్కపెట్టండి. మిగిలినవి కొద్దిగా ఉంటే ఇంకో రెండు రాత్రులు బుట్టలతోనే కానిచ్చేయండి. ఎక్కువగా ఉంటేనే ఎర.

కిలో ఎరకు పాళ్లు:

- నూకలు 960 గ్రాములు
- వంట నూనె 20 గ్రాములు
- 0.25 శాతం బ్రోమోడయోలోన్ పొడి 20 గ్రాములు

ముందు నూకలకు నూనె పట్టించి, తర్వాత పొడి చల్లి కర్రతో బాగా కలపాలి. చేతి తొడుగులు తప్పనిసరి. వంటపాత్రలు వాడొద్దు. కాగితంలో 15 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టండి. కిలోకు 65 పొట్లాల వరకు వస్తాయి.

సాయంత్రం, పేలిక కట్టిన కన్నాల్లో మాత్రమే, ఒక్కోదానికి ఒక పొట్లం, కర్రతో లోపలికి నెట్టండి. గట్టు మీద బయట పెట్టిన పొట్లాన్ని కోడి తింటుంది, నెమలి తింటుంది, పిల్లాడు తీస్తాడు.

ఇది మెల్లగా పనిచేసే మందు. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక చావడానికి మూడు నుంచి పది రోజులు పట్టొచ్చు. మర్నాడే శవాలు కనిపించలేదని మందు మార్చేయకండి. పది, పన్నెండు రోజుల తర్వాత కన్నాలు మళ్లీ మూసి, తెరిచిన వాటిలోనే రెండో విడత పెట్టండి.

వాన సూచన ఉన్నా, చేలో నీరు గట్టు మీదికి పొర్లుతున్నా ఆ రోజు ఎర పెట్టకండి.

జింక్ ఫాస్ఫైడ్ గురించి కూడా అడుగుతుంటారు. అది తీవ్రమైన విషం, విరుగుడు లేదు. తడి తగిలితే విషవాయువు వస్తుంది. రెండు మూడు రోజులు మందు లేని ఎర అలవాటు చేయకుండా పెడితే ఎలుక కొద్దిగా రుచి చూసి, జబ్బుపడి బతికి, ఇక ఆ ఎర ముట్టదు. ఎలుకల ఉధృతి బాగా ఎక్కువైనప్పుడు వ్యవసాయాధికారి దగ్గరుండి చేయించే సామూహిక కార్యక్రమంలో తప్ప సొంతంగా వాడొద్దు. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను అయితే అసలే కొనొద్దు, అవి శిక్షణ ఉన్న నిపుణుల పని.

### ఎర పెట్టే రోజు చూసుకోవాల్సినవి

- ఊర్లో ముందు రోజే చాటింపు వేయించారా?
- పశువులు, కోళ్లు, బాతులు ఆ వైపు రాకుండా చెప్పారా?
- మిగిలిన పొట్లాలు లెక్కపెట్టి వెనక్కి తెచ్చారా?
- మందు డబ్బా లేబుల్ దాచారా? ఎవరైనా పొరపాటున తింటే ఆ లేబుల్‌తో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బ్రోమోడయోలోన్‌కు విటమిన్ కె1 విరుగుడు. ఆ రోజు బాగానే ఉన్నాడు కదా అని ఆగకూడదు, రక్తస్రావం రోజుల తర్వాత మొదలవుతుంది.

## 9. పొట్ట దశలో పొగ

ఈ దశలో ఎర పనిచేయదు. బుట్టలు కాక మిగిలింది పొగే. గడ్డి నింపే డబ్బా, తిప్పితే గాలి కొట్టే చక్రం, కన్నంలో పెట్టే గొట్టం: యంత్రం అంతే. ఊరికి రెండు మూడు కొని అందరూ వంతులవారీగా వాడుకుంటే సరిపోతుంది.

1. గాలి లేని పొద్దున్నే మొదలుపెట్టండి. ముగ్గురు ఉండాలి: ఒకరు తిప్పడానికి, ఒకరు మట్టితో, ఒకరు కర్రతో.
2. పేలిక కట్టిన కన్నం వదులు మట్టి తీసి గొట్టం పెట్టి, చుట్టూ తడి మట్టి కొట్టండి.
3. పొగ మొదలవగానే గట్టంతా చూడండి. ఎక్కడెక్కడ పొగ వస్తుందో అన్నీ అదే బొరియ దారులు. వెంటనే మట్టితో మూయండి.
4. అన్నీ మూశాక ఇంకో రెండు మూడు నిమిషాలు తిప్పండి.
5. గొట్టం తీసి ఆ కన్నమూ మూయండి.
6. మర్నాడు తెరిచి కనిపిస్తే మళ్లీ పొగ.

పొగ బయటికి పోతూ ఉంటే ఎలుక బతికిపోయినట్టే. ఈ పద్ధతి ఫలించకపోవడానికి నూటికి తొంభై పాళ్లు కారణం ఒక దారి మూయకపోవడం. ఇసుక పాళ్లు ఎక్కువున్న, బీటలు వారిన గట్ల మీద పొగ నిలవదు. ముందు రోజు గట్టు తడపండి. కోతకొచ్చిన ఎండు చేలో నిప్పు రవ్వలతో జాగ్రత్త, పక్కన బిందె నీళ్లు ఉంచుకోండి. బొరియలో పాము ఉంటే అదీ బయటికి వస్తుంది, కాబట్టి కర్ర పట్టుకున్న మనిషి దూరంగా నిలబడాలి. జెర్రిపోతు అయితే వదిలేయండి. అది మన పనే చేస్తోంది.

## 10. కరెంటు తీగ వద్దు

ఎలుకల కోసం, పందుల కోసం చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టే పద్ధతి ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. నీళ్లున్న చేలో ఆ తీగ ఎలుకనూ మనిషినీ వేరు చేయదు. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్కరైతు, కలుపుకొచ్చిన కూలి, కొన్నిసార్లు తీగ పెట్టిన రైతే చనిపోయారు. ఇది నేరం కూడా. మీ శివారులో ఎవరైనా పెడుతున్నారని తెలిస్తే మొహమాటపడకుండా ఆపించండి.

అలాగే పురుగులకు వాడే గుళికల మందు అన్నంలో కలిపి గట్ల మీద పెట్టడం కూడా వద్దు. దానితో చచ్చేవి కొంగలు, కుక్కలు, గేదెలు. వాన పడితే అదంతా చెరువులోకి, చేపలోకి వెళ్తుంది.

## 11. చచ్చిన ఎలుకలు, మన ఒళ్లు

ప్రతి పొద్దునా చేను తిరిగి శవాలు ఏరండి. తొడుగులతోనే తీయాలి. చేనుకూ బావికీ దూరంగా రెండడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. కాలువలో పడేయకండి. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ, పిల్లి, కుక్క తింటే ఆ విషం వాటికీ వెళ్తుంది.

ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. కాలి పగుళ్ల నుంచి, గాయాల నుంచి సూక్ష్మజీవి లోపలికి వెళ్తుంది. ఎలుకల పని చేసిన నెల రోజుల్లోపు ఎప్పుడైనా ఎక్కువ జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. "చేలో ఎలుకలు పట్టాను" అని మీరే నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారుతుంది. కామెర్లు కనిపించేదాకా ఆగితే ప్రమాదం.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు

బుట్టలు ఖాళీగా ఉన్నాయి, కొరకడం ఆగలేదు. బాట మీద పెట్టలేదని అర్థం. గట్టు మీద కాకుండా కొరికిన గుంట అంచున పెట్టి చూడండి. ఎర మార్చండి.

ఎర తీసుకున్నాయి, కన్నాలు తగ్గలేదు. ఎన్ని రోజులైంది? పది రోజులు ఆగి లెక్కపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే పక్క చేల నుంచి వస్తున్నాయి. కాలువ గట్టు చూడండి.

పొట్లాలు అలాగే ఉన్నాయి. నూకలు పాతబడి వాసన వస్తున్నాయేమో చూడండి, లేదా చేను పొట్టకు వచ్చేసి ఉంటుంది. రెండో కారణమైతే పొగకు మారండి.

నారుమడి ఒక మూల నుంచి తినేస్తున్నాయి. చుట్టూ రెండడుగుల ఎత్తు పాలిథీన్ షీటు కట్టి, అడుగు అంచు మట్టిలో పూడ్చండి. అక్కడక్కడా చిన్న కంత ఉంచి, దాని లోపలివైపు బోను పెట్టండి. ఎలుక షీటు వెంబడి నడిచి కంతలోంచి నేరుగా బోనులోకే వెళ్తుంది.

గుడ్లగూబల కోసం కర్రలు పాతమంటున్నారు, పనికొస్తాయా? వస్తాయి. మనిషెత్తు దాటిన కర్రలకు అడ్డంగా బద్ద కట్టి పాతితే రాత్రి గుడ్లగూబలు వాలి ఎలుకలు పడతాయి. గింజ పాలు పోసుకునేటప్పుడు తీసేయండి, లేకపోతే అవే కర్రల మీద చిలకలు వాలతాయి.

చేను పక్కనే కొబ్బరి, కోకో తోట ఉంది. అక్కడ చెట్టెక్కేది వేరే ఎలుక, ఇంటి ఎలుక జాతి. చెట్టుకు మనిషెత్తు పైన రేకు చుడితే ఎక్కలేదు. కానీ మట్టలు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే పైనుంచే దాటుతుంది. ఐదు చెట్లలో ఒక చెట్టు మొవ్వులో 10 గ్రాముల బ్రోమోడయోలోన్ మైనపు బిళ్ల పెట్టి, 12 రోజులకు మళ్లీ పెట్టాలి. కోకో కాయను తొడిమ దగ్గర కొరికితే ఎలుక, నడుమ కొరికితే ఉడుత. ఉడుతకు విషం పెట్టకండి. రంగు తిరగగానే కాయ కోసేస్తే దాని నష్టం చాలావరకు తగ్గుతుంది.

## 13. కోత అయ్యాక

దాళ్వా కోత ముగిసి, కాలువలు కట్టేసిన రోజుల్లో చాలామంది ఎలుకల సంగతి వదిలేస్తారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఎలుకలు దొరికే రోజులు ఇవే. చేలో దాక్కోవడానికి చోటు లేదు, తిండి లేదు. ఉన్నవన్నీ గట్లలో, వాముల కింద గుమిగూడతాయి.

- కోసిన వారంలోపే పనలు, రాలిన వెన్నులు ఏరించండి.
- అపరాలు లేని చేలల్లో గట్ల బొరియలను పలుగుతో తవ్వించండి. పిల్లలున్న గూళ్లు, దాచిన వడ్లు ఇప్పుడే దొరుకుతాయి.
- మినుము, పెసర వేసిన చేలో బుట్టలు ఆపకండి. వరి పోగానే ఎలుకలు చేరేది ఆ పచ్చదనంలోకే.
- కాలువ గట్లకు, పుంతలకు మీ నోటుపుస్తకంలో రాసుకున్న పేర్ల ప్రకారం మే ఆఖర్లో మనుషులను పిలవండి.
- బుట్టల తాటాకు, దారాలు మార్పించి, పొగ యంత్రం గొట్టం శుభ్రం చేసి, జూన్ మొదటి వారానికి సిద్ధంగా ఉంచండి.